వాదీ అవతలి ఒడ్డున నర్సయ్య

నవంబరు 13, గురువారం, సాయంత్రం. మస్కట్‌లోని దార్సైట్, మా మేనకోడలు పద్మ ఫ్లాటు. ఉన్నవారు: పద్మ, ఆమె భర్త రవికుమార్, పద్మ స్నేహితురాళ్లు నలుగురు, నేను. విషయం: ఒక పోర్చుగీసు నవల.

డైరీలో ఆ రోజు పేజీ ఇలా మొదలైంది. ముందు తేదీ, తర్వాత ఉన్నవారి పేర్లు రాయడం నాకు సిరిసిల్ల నేత శిక్షణ కేంద్రంలో పాఠాలు చెప్పిన రోజుల నుంచీ ఉన్న అలవాటు. అదే పేజీ కింది సగం మాత్రం తొందరలో గీకింది, నా చేతిరాతలా లేదు. ఇల్లు చేరి నింపాదిగా కూర్చున్నాక, ఆ సగం పేజీని ఇప్పుడు విడమరిచి రాస్తున్నాను. మా ఊరి నుంచి ఒమాన్ వెళ్లినవాళ్లు చాలామందే ఉన్నారు. వెళ్లనివాళ్ల కోసం ఇది.

దార్సైట్: చప్పుడు లేని నవల

పద్మ, ఆమె స్నేహితురాళ్లు నెలకోసారి ఒక పుస్తకం చదివి మాట్లాడుకుంటారు. ఈసారి ఎంచుకున్నది ఇంగ్లీషులోకి వచ్చిన ఒక పోర్చుగీసు నవల. "మామయ్యా, ఇది మన ఊరి కథలాగే ఉంది. నువ్వే చెప్పాలి" అని నేను దిగిన రోజే పద్మ దాన్ని నా చేతిలో పెట్టింది. వారం రోజులు చదివాను. మధ్యలో రవి నన్ను మత్రాకు తీసుకెళ్లి సముద్రం ఒడ్డున పోర్చుగీసువాళ్లు కట్టిన కోట చూపించాడు. పుస్తకం చంకలో పెట్టుకునే ఆ కోట చూశాను.

కథ ఒక నది ఒడ్డున ఉన్న బట్టల మిల్లుల ఊరిది. చీకటి ఉండగానే సైరన్ మోగుతుంది. ఆడవాళ్లు చెక్క అడుగుల చెప్పులు టకటకలాడించుకుంటూ మిల్లుకు పోతారు. క్యాబేజీ చారు, మొక్కజొన్న రొట్టె తింటారు. మగ్గాలకు నూలు కండెలు చుట్టే ఒకామె ఈ కథ చెబుతుంది. ఆమె భర్త మగ్గం కార్మికుడు. మిల్లులో గిట్టుబాటు కాక కొండలు దాటి దొంగచాటుగా ఫ్రాన్సుకు, గోడలు కట్టే పనికి పోతాడు. కొన్నాళ్లు కబురు వస్తుంది. తర్వాత రాదు. ఏమయ్యాడో నవల ముగిసినా చెప్పరు.

"మత్రాలో కోటలు కట్టినోళ్ల మనవలే తర్వాత ఫ్రాన్సులో గోడలు కట్టడానికి వెళ్లారన్నమాట" అన్నాడు రవి. కాకినాడవాడు. ఏ మాటైనా నవ్వుతూనే అంటాడు.

నేను నవలలో బాగున్నవి చెప్పి, ఒక తప్పు చూపించాను. ఆ కథలో కార్మికులు మగ్గాల మధ్య నిలబడి పేజీలకు పేజీలు మాట్లాడుకుంటారు. అది జరగని పని. మరమగ్గాన్ని మా ఊళ్లో సాంచె అంటాం. ఒక్క షెడ్డులో ముప్పై సాంచెలు నడుస్తుంటే పక్కవాడి చెవిలో నోరు పెట్టి అరిచినా వినబడదు. అందుకే మా దగ్గర ఎవరూ అరవరు. ఎదుటివాడి ముఖానికి ముఖం పెట్టి, గొంతు లేకుండా, పెదవులు సాగదీసి మాట్లాడతాం. దూరం ఉంటే చేతులతో చెబుతాం. నేనూ శిక్షణ కేంద్రంలో చేరకముందు పదేళ్లు సాంచెలు నడిపాను. నా ఎడమ చెవి ఇప్పటికీ సగమే పని చేస్తుంది.

"అయితే అంకుల్, రచయిత్రికి సున్నా మార్కులేనా?" అని అడిగింది అక్కడి బడిలో లెక్కలు చెప్పే అమ్మాయి.

"చప్పుడుకు సున్నా. చారుకు పది" అన్నాను.

అందరూ నవ్వుతుండగా నా ఫోను మోగింది. సిరిసిల్ల నుంచి లక్ష్మి. మా వెనక వీధిలో ఉంటుంది, కండెలు చుడుతుంది. భర్త నర్సయ్య ముప్పై ఏళ్లు సాంచెలు నడిపి, షెడ్డు మూతపడ్డాక ఒమాన్‌లో ఇబ్రి అనే ఊరికి బిల్డింగు పనికి వచ్చాడు.

"సారూ, మీరు మస్కట్ల ఉన్నరట గద. మా ఆయన ఫోను ఎత్తుతుండు, మాట్లాడ్తలేడు."

"ఎత్తి మాట్లాడకపోవుడేంది లక్ష్మీ?"

"అదే నాకు సమజైతలేదు సారూ. ఫోను పోతది. ఎత్తుతరు. ఊపిరి ఇనవడ్తది. నేను మొత్తుకుంట. జరసేపటికి కట్ చేస్తరు. మూడు వారాలాయె. అది మా ఆయన ఊపిరో ఇంకోని ఊపిరో నేనెట్ల చెప్పాలె?"

ఆమె దగ్గర నంబరు తీసుకుని, రవి ఫోనుతో అందరికీ వినబడేలా చేశాం. రెండు రింగులకే ఎత్తారు. వెనక ఏదో ఇంజను కొట్టుకుంటున్న చప్పుడు. దానిమీద ఒక మనిషి ఊపిరి, దగ్గరగా, నిదానంగా.

"నర్సయ్యా! నేను, సార్‌ను" అన్నాను.

ఊపిరి ఆగింది. మళ్లీ మొదలైంది. తర్వాత ఫోను కట్టయింది.

పద్మ లేచి, ఎందుకో బాల్కనీ తలుపు గడియ వేసింది. ఇంకోసారి చేశాం. అదే ఊపిరి. మూడోసారి చెయ్యడానికి రవి ఒప్పుకోలేదు.

"రేపు శుక్రవారం, నాకు సెలవే. వెళ్లి చూసొద్దామండి మావయ్యగారూ" అన్నాడు. ఆ ఒక్కసారి నవ్వలేదు.

సీబ్: మల్లేశం ఎక్కిన చోటు

తెల్లవారుతూనే బయలుదేరాం. విమానాశ్రయం దాటాక సీబ్‌లో మల్లేశాన్ని ఎక్కించుకోవాలి. జగిత్యాల మనిషి. ఒక విల్లాలో ఇంటి డ్రైవరు. ఇబ్రి చుట్టుపక్కల రూములన్నీ తెలిసినవాడని రవి పిలిపించాడు.

మల్లేశం వచ్చేదాకా సీబ్ చేపల బజారులో నిలబడ్డాం. నా చెయ్యంత పొడుగు చేపలు నేలమీదే పరిచి ఉన్నాయి. ఇక్కడ బేరం చాలా తక్కువ మాటలతో అయిపోతుంది. అమ్మేవాడు ఒక అంకె అంటాడు, కొనేవాడు ఇంకో అంకె అంటాడు, మూడో అంకెకు సంచిలో పడుతుంది. మా సిరిసిల్ల గాంధీచౌక్‌లో అయితే ఈపాటికి ఇద్దరి తాతల పేర్లూ బయటికి వచ్చేవి. ఒక చేప నోరు తెరిచి మూస్తోంది. చప్పుడు లేదు. రాత్రి విన్న ఊపిరి గుర్తొచ్చి అక్కడి నుంచి వచ్చేశాను.

మల్లేశం వెనక సీట్లో కూర్చుని సంగతంతా విన్నాడు.

"సార్, మీరు గాబరా పడకుండ్రి. ఈడ మనిషి మాయమైతె మూడే జాగలు. జైలు, దవాఖాన, లేకుంటె..." అని ఆగాడు.

"మూడోది చెప్పకు నాయనా" అన్నాడు రవి.

"మూడోది తోట అన్న! ఖల్లివల్లి అయ్యి ఏదో తోటల పని చేసుకుంటుంటరు. మీరేమనుకున్నరు?"

ఖల్లివల్లి అంటే కంపెనీని వదిలేసి, కంపెనీ ఇచ్చిన కార్డుతోనే ఇంకోచోట పని చేసుకునేవాడు. పట్టుబడితే లోపల వేస్తారు. ఇలాంటివాళ్ల ఫోన్లు ఒక్కోసారి ఇంకొకరి చేతుల్లోకి పోతాయని కూడా మల్లేశమే చెప్పాడు. ధైర్యం చెప్పడానికి వచ్చినవాడు ప్రతి మైలుకూ ఒక భయం దింపుతూ పోయాడు. ఒంటెకు గుద్దుకున్న కారు, ఎండలో దారి తప్పిన ఇద్దరు, కొండవాగులో బండితో సహా పోయిన ఒకడు.

బహ్లా దగ్గర: టీ, ఒక సందేశం

నిజ్వా దాటేదాకా రెండు పక్కలా కొండలే. చెట్టు కాదు, గడ్డి కాదు, ఒట్టి రాయి. మా మానేరు వాగు ఎండిపోయినా ఒడ్డున తుమ్మచెట్లయినా ఉంటాయి. ఇక్కడ కొండకు ఎముకలు తప్ప ఏమీ లేవు. ఆ కొండల మధ్యే అకస్మాత్తుగా ఖర్జూరపు తోటలు పచ్చగా కనిపిస్తాయి. కొండ అడుగు నుంచి కాలువ తవ్వి నీళ్లు తెచ్చుకుంటారట. వంతుల ప్రకారం తోటతోటకూ తిప్పుకుంటారట.

బహ్లా దగ్గర ఒక మలయాళీ హోటల్లో ఆగాం. పరోటా వంద బైసాలు, టీ రెండొందలు. వెయ్యి బైసాలు ఒక రియాలు. లెక్కేస్తే టీ నలభై అయిదు రూపాయలకు పైనే పడింది. అయినా ఏలకులు బాగా పడ్డ మంచి టీ. సగం తాగాక రవి ఫోనుకు సందేశం వచ్చింది. మధ్యాహ్నం తర్వాత కొండల మీద వానలు పడవచ్చు, వాదీలు దాటవద్దు అని.

వాదీ అంటే ఎండిన వాగు. దాని మీదుగానే రోడ్లు వేస్తారు, దాని పక్కనే తోటలు పెట్టుకుంటారు. ఏడాదిలో ఎక్కువ రోజులు అది ఒట్టి గులకరాళ్ల దారి.

నేను బయటికి వచ్చి చూశాను. ఆకాశం శుభ్రంగా ఉంది. ఉత్తరం వైపు మాత్రం, కొండల తలల మీద, సిరా ఒలికినట్టు ఒక మరక.

కార్లో కూర్చున్నాక రవి, "ఆ నవలలో ఆయన ఏమయ్యాడో ఎక్కడన్నా తెలుస్తుందేమో, చివర ఇంకోసారి చదవండి మావయ్యగారూ" అన్నాడు. తెలియదని నాకు తెలుసు. చివరి అధ్యాయంలో ఆమె తిరిగి మిల్లుకు వెళుతుంది. భర్త మగ్గం దగ్గర కొత్తవాడు నిలబడి ఉంటాడు. అతను ఆమెను చూసి పక్కకు జరుగుతాడు. అంతే. గురువారం సాయంత్రం ఆ ముగింపును నేను మెచ్చుకున్నాను. శుక్రవారం పొద్దున ఆ పుస్తకాన్ని సంచి అడుగున పెట్టేశాను.

ఇబ్రి: పిలిస్తే పలకని మనిషి

ఇబ్రి చేరేసరికి జుమ్మా నమాజు వేళ. దుకాణాలన్నీ మూసి ఉన్నాయి. ఊరి చివర, రేకుల కప్పుల రూముల్లో మాత్రం ఎటు చూసినా మన మాటే. తాళ్లమీద ఉతికిన బట్టలు, లోపల పోపు వాసన. నర్సయ్య ఉండే రూములో ఆరు మంచాలు. వాటిలో ఒకటి ఖాళీ. దానిమీద ఎవరివో బియ్యం సంచులు పెట్టి ఉన్నాయి. ఆ సంచులు చూడగానే పొయ్యి దగ్గరున్నాయనను నర్సయ్య సంగతి అడిగాను.

వంట చేస్తున్నాయన పేరు గంగన్న. నిజామాబాద్ వైపు మనిషి.

"నర్సన్ననా? నెల దాటె, ఈడ లేడు. వాదీ అవతల ఒక ముసలి అరబ్బు తోటల పన్జేస్తుండు."

"కంపెనీ ఎందుకు విడిచిపెట్టిండు?"

"ఆయనకు పొగరెక్కింది సార్. సైటు మీద ఫోర్‌మన్ పిలిస్తె పలుకడు. మేము పిలిస్తె పలుకడు. ఒకనాడు కింద నిలవడ్డడు, మీదికెల్లి రాడ్డు జారుతుంటె అందరం మొత్తుకున్నం. కదలడే! జరంతల తప్పింది. ఫోర్‌మన్ తిట్టిండు, ఈయన సంచి ఎత్తుకొని పోయిండు."

"తర్వాత ఎవరన్న చూసిండ్రా?"

అన్నం గంటె ఆగింది. గంగన్న మిగతావాళ్ల వైపు చూశాడు. ఒకడు తల అడ్డంగా ఊపాడు.

"లేదు సార్. ఫోను చేస్తె ఎత్తుతడు, కట్ చేస్తడు. అటు పోలీసోళ్లు తిరుగుతరు, మాకెందుకని మేము పోలె. ఆయన కార్డు కంపెనీది, పని తోటల. ఉన్నడో..." అని, నా ముఖం చూసి, "ముందు తినుండ్రి సార్. పచ్చిపులుసు చేసిన. గల్ఫుల పచ్చిపులుసు దొరకదు" అన్నాడు.

తినకుండా వెళ్లనివ్వలేదు. నాలుగు ముద్దలు తిన్నాను. అంత మంచి పచ్చిపులుసు ఎప్పుడూ ఇంత చేదుగా దిగలేదు. రవి చెమటలు కక్కుతూ రెండోసారి పోయించుకున్నాడు. గంగన్న దారి చెప్పాడు. రాగి గుమ్మటం మసీదు దాటాక మట్టి దారి, ఆ దారి వాదీలోకి దిగి అవతల తోటలోకి ఎక్కుతుంది.

వాదీ

దారి దిగే చోట ఒక తెల్ల పికప్ ఆగి ఉంది. పక్కన కాళ్లదాకా వేలాడే తెల్ల దిష్‌దాషా వేసుకున్న పెద్దాయన. నా వయసే ఉంటుంది. మా కారు చూడగానే అరచెయ్యి ఎత్తి ఆపమన్నాడు. పేరు సాలెం. కొంచెం హిందీ వచ్చు. ఉత్తరపు కొండలు చూపించి, "పానీ ఆయేగా", నీళ్లొస్తాయి, అన్నాడు. ఆ మరక ఇప్పుడు సగం ఆకాశమైంది. మా తలల మీద మాత్రం ఎండ కాస్తూనే ఉంది. వాదీ నిండా పొడి గులకరాళ్లు.

మల్లేశం హిందీలో అడిగాడు. సాలెం ముఖం విప్పారింది. తోట ఆయనదే.

"నర్సా? అచ్ఛా ఆద్మీ. కామ్ అచ్ఛా. బాత్ నహీ కర్తా."

మంచివాడు, పని బాగా చేస్తాడు, మాట్లాడడు. మల్లేశం నా భుజం తట్టాడు. "బతికే ఉన్నడు సార్! నేను చెప్పలే, మూడోది తోటని?"

ఆ ఊరట నాకు ఒక్క నిమిషం కూడా నిలవలేదు. అవతలి ఒడ్డున, ఖర్జూరపు చెట్ల మధ్య నుంచి ఒక మనిషి బయటికి వచ్చాడు. ఎండకు గోనెసంచి మడిచి తలమీద వేసుకున్నాడు. ఆ నడక నాకు తెలుసు. సాంచెల మధ్య సందుల్లో ముప్పై ఏళ్లు పక్కవాటుగా నడిచినవాడి నడక. ప్రతి శుక్రవారం సాలెం వంటసామాను తెస్తాడు. నర్సయ్య వాదీ దాటి వచ్చి మోసుకుపోతాడు. పికప్ కనబడింది కాబట్టి వస్తున్నాడు.

సాలెం హారను గట్టిగా నొక్కాడు. రవీ మల్లేశమూ నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టి అరిచారు. నర్సయ్య తల వంచుకుని, రాళ్లు చూసుకుంటూ వాదీలోకి దిగాడు.

అప్పుడు నాకు పాదాల కింద తెలిసింది. చెవికి ఇంకా ఏమీ రాలేదు, నేల మాత్రం సన్నగా అదిరింది. తర్వాత దూరంగా, లారీలు ఎన్నో ఒకేసారి రాళ్లు ఒంపుతున్నట్టు ఒక చప్పుడు. సాలెం గొంతు చించుకుంటున్నాడు. ఆయన గొంతు నాకే వినబడడం మానేసింది.

"ఆగు! నర్సయ్యగారూ! ఆగండి!" అని రవి అరుస్తున్నాడు. నర్సయ్య ఇంకా వస్తూనే ఉన్నాడు.

సాంచెల షెడ్డులో ప్రమాదమైతే ఎవరూ అరవరు. తలుపు దగ్గర ఉన్నవాడు లైట్లు ఆర్పి వెలిగిస్తాడు. ఆ మినుకు చూడగానే ప్రతివాడూ చేతిలో పని వదిలి తలుపు వైపు చూస్తాడు. రవి చొక్కా పట్టి లాగాను.

"లైట్లు! కారు లైట్లు! ఆర్పి వెయ్యి, ఆర్పి వెయ్యి!"

రవి ఎందుకని అడగలేదు. కారులోకి దూకి, పెద్ద లైట్లు వేసి ఆర్పాడు, వేసి ఆర్పాడు. ఎండలో అవి కనిపిస్తాయో లేదో.

నర్సయ్య తల ఎత్తాడు.

నేను కారు ముందుకు వచ్చి రెండు చేతులూ ఎత్తాను. సాంచెను తిప్పే పట్టా తెగినప్పుడు చేసే సైగ అది. అరచేతులు రెండూ ముందుకు నెట్టి, వెంటనే భుజాల వెనక్కి విసరడం. సాంచె వదిలి వెనక్కి జరుగు అని అర్థం. సైగ చూసి అర్థం కోసం ఆలోచించేవాడు షెడ్డులో బతకడు. నర్సయ్య గోనెసంచి పడేసి గిరుక్కున తిరిగి పరుగెత్తాడు.

నీళ్లు మలుపు తిరిగి వచ్చాయి. అవి నీళ్లలా లేవు. ఎర్రటి బురద, అందులో కొమ్మలు, ఒక నీలం డ్రమ్ము, అన్నీ కలిసి ఒక గోడలా కదిలి వచ్చాయి. నర్సయ్య అవతలి గట్టు చేరేసరికి మోకాళ్లదాకా ఉన్నాయి. జారాడు. కళ్లు మూసుకున్నాను. ఇది రాయడానికి సిగ్గుపడను, చూడలేకపోయాను. మల్లేశం "ఎక్కిండు! సార్, ఎక్కిండు!" అని నా వీపు మీద కొట్టాకే తెరిచాను. నర్సయ్య గట్టుమీద బోర్లా పడి, ఒక ఖర్జూరపు మొదలును రెండు చేతులా కావలించుకుని ఉన్నాడు. గోనెసంచి ఎటు పోయిందో కనబడలేదు.

వాగు ఆ ఒడ్డునీ ఈ ఒడ్డునీ రెండు దేశాలు చేసింది. సాలెం కూడా నోరు కదపడం ఆపేశాడు. అంత హోరులో నేనూ నర్సయ్యా మాత్రం మాట్లాడుకున్నాం. ఆయన లేచి కూర్చుని నన్ను గుర్తుపట్టాడు. "సార్?" అని పెదవులు సాగాయి. మిగతాది చేతులతో, పెదవులతో.

దెబ్బ తగిలిందా అంటే మోకాలు చూపించి, కొంచెమే అన్నాడు. ఫోను ఏమైందని అడిగాను. చెవి దగ్గర పిడికిలి పెట్టి, అరచెయ్యి తిరగేసి విదిలించాడు. ఖరాబు. మూడు వారాలుగా ఖరాబు. మోగినట్టు చేతిలో అదురుతుంది, ఎత్తితే ఏమీ రాదు, అద్దం పగిలి ఎవరు చేశారో కనబడదు, కట్ చేస్తాను అన్నాడు.

నేను పగలబడి నవ్వాను. రవికి చెబితే అతనూ నవ్వాడు. మేమంతా భయపడి చచ్చిన ఊపిరి, పాడైపోయిన ఫోను పట్టుకుని "హలో" వినబడుతుందేమోనని ఎదురుచూసే నర్సయ్యదే.

ఇంటికి పోదామా అని అడిగాను. నర్సయ్య వాగు వైపు చూశాడు, తోట వైపు చూశాడు. తర్వాత తల ఊపాడు.

సాలెం ఇంట్లో

ఆ సాయంత్రం సాలెం మమ్మల్ని వదల్లేదు. ఈ ఒడ్డునే ఆయన ఇల్లు. చెప్పులు విడిచి, తివాచీ మీద కూర్చున్నాం. ముందు ఖర్జూరాలు, తర్వాత పిల్లలు ఆడుకునే గిన్నెలంత కప్పుల్లో పాలూ చక్కెరా లేని కాఫీ. కప్పు ఖాళీ అవగానే నింపుతారు. చాలనుకుంటే కప్పును రెండుసార్లు అటూ ఇటూ ఊపి ఇవ్వాలి. అది తెలియక నేను వద్దు వద్దని చేత్తో అంటూనే అయిదు కప్పులు తాగాను. మల్లేశం చూస్తూ కూర్చుని, ఆరోదానికి చెప్పాడు.

"ముందే చెప్పొద్దా?"

"మీరు మాస్టర్ గద సార్, మీకు తెలుసనుకున్న."

లక్ష్మికి ఫోను చేశాను. ఉన్నాడు, బాగున్నాడు, నా కళ్లతో చూశాను, ఫోనే పాడైంది అన్నాను.

"సారూ, మీరు నన్ను ఊకుంచేటందుకు చెప్తుండ్రు."

"లేదమ్మా. మధ్యల వాగు ఉన్నది, అంతే."

"మల్ల ఆయన గొంతు ఇనిపియ్యుండ్రి. ఇనేదాక నేను నమ్మ."

రేపు పొద్దున వినిపిస్తానని మాట ఇచ్చాను.

చీకటి పడేదాకా మాటిమాటికీ గుమ్మంలోకి వెళ్లి చూస్తూనే ఉన్నాను. వాగు తగ్గలేదు. అవతల చెట్ల మధ్య ఒక చిన్న దీపం. అది వెలుగుతున్నంతసేపూ ఊపిరి తీసుకున్నాను. నర్సయ్య మళ్లీ దిగుతాడేమో, వాగు పక్కకు కోసుకుపోతుందేమో, మోకాలి దెబ్బ పెద్దదేమో. కాకినాడ తుఫానుల్లో పెరిగిన రవి, "తగ్గుతుందండీ, నీరు కదా, ఎక్కడికి పోతుంది, కిందికే" అన్నాడు. అన్నాడే గానీ అతనూ చెప్పులు వేసుకునే కూర్చున్నాడు.

మరునాడు ఉదయం

శనివారం ఎండెక్కేసరికి వాదీలో బురద, దాని మధ్య పాయలుగా నీళ్లు మిగిలాయి. సాలెం ముందు నడిచి, కర్రతో లోతు చూసి, సరేనని చెయ్యి ఊపాడు. నర్సయ్య సంచి భుజానికి వేసుకుని, కుంటుతూ దాటి వచ్చాడు. గట్టెక్కి నా రెండు చేతులూ పట్టుకున్నాడు. ముఖాముఖిగా నిలబడి మాట్లాడుకున్నాం, పెదవులు సాగదీసి, చేతులు తిప్పుతూ. సాంచెల మనుషులం ఎక్కడ కలిసినా అలాగే మాట్లాడుకుంటాం. హోరు లేకపోయినా అదే తీరు.

"నిన్న నీకు నేల అదిరింది తెల్వలేదా నర్సయ్యా?" అన్నాను.

"తెలిసింది సార్. కాళ్ల కింద మంచిగనే అదిరింది. ముప్పై ఏండ్లు సాంచెల కాడ నిలవడ్డోన్ని గద. నేల అదురుతున్నదంటె అన్ని నడుస్తున్నయి, ఫికర్ లేదు అనుకున్న. అదురు ఆగితెనే నాకు బుగులు."

సాలెం ఒక డబ్బా నిండా ఖర్జూరాలు నర్సయ్య చేతిలో పెట్టాడు. నాకు మాత్రం, కార్డు సంగతి తేల్చుకోవడానికి నేరుగా మస్కట్‌లో మన రాయబార కార్యాలయానికే తీసుకెళ్లమని, దారిలో ఎక్కడా ఆగవద్దని చెప్పాడు. నర్సయ్య డబ్బా పట్టుకుని కారు వైపు నడిచాడు. వెనకనుంచి రవి, "నర్సయ్యగారూ, ఆ సంచి ఇలా ఇవ్వండి, డిక్కీలో పెడతాను" అన్నాడు. నర్సయ్య తిరగలేదు. రవి ఇంకోసారి అన్నాడు. మనసు బాగోలేదనుకుని తనే వెళ్లి భుజం మీది సంచి తీసుకున్నాడు. నర్సయ్య ఉలిక్కిపడ్డాడు.

కారు బయలుదేరకముందే లక్ష్మికి నా ఫోను కలిపాను. పద్మ కొత్తగా కొనిచ్చిన ఫోను అది.

"లక్ష్మీ, ఇగో, మాట్లాడు" అని నర్సయ్య చేతికి ఇచ్చాను.

ఆయన దాన్ని రెండు చేతులతో జాగ్రత్తగా పట్టుకుని చెవికి ఆనించాడు. ముఖమంతా నవ్వు. కాసేపు అలాగే ఉన్నాడు. నవ్వు కొంచెం తగ్గింది. ఫోను తీసి చూసుకుని, రెండో చెవికి పెట్టుకున్నాడు. చిన్నగా విదిలించి మళ్లీ పెట్టుకున్నాడు. తర్వాత, నా మనసు కష్టపెడుతున్నానేమో అన్నట్టు మెల్లగా, ఫోను నాకు తిరిగి ఇచ్చాడు.

"ఇది గూడ ఖరాబైంది సార్" అన్నాడు.

నా అరచేతిలో లక్ష్మి గొంతు పిలుస్తూనే ఉంది. "ఏమయ్యా, ఇనవడ్తుందా? నేను, లచ్చిమిని. ఏమయ్యా?" డిక్కీ మూస్తున్న రవి చెయ్యి అలాగే ఆగిపోయింది. అంత దూరం నుంచి అతనికీ వినబడుతోంది.